చివరి అంకె లేని ఫోను నంబరు

మా రక్తదాతల సంఘానికి ఒక ఆచారం ఉండేది. ఆచారాల మీద విరుచుకుపడేవాళ్ళకు ఆచారమేమిటని అడక్కండి, ఉండేది. ఏ కొత్త పని మొదలుపెట్టాలన్నా పంచాంగం తిరగేసి, రాహుకాలం ఎప్పుడో చూసుకుని, సరిగ్గా అప్పుడే మొదలుపెట్టేవాళ్ళం. గది తాళం తీసింది రాహుకాలంలో. కంప్యూటర్‌ని మెట్లెక్కించింది రాహుకాలంలో. "బెజవాడలో పురోహితుల తరవాత పంచాంగం ఇంత శ్రద్ధగా చూసేది మీరే మాస్టారూ" అని మా కార్యదర్శి నవ్వేవాడు. ఆయనకు ఆటోనగర్‌లో లేత్ షాపు. శనివారాలు ఆంజనేయస్వామి గుడికి వెళ్ళి, ఆ సింధూరం బొట్టుతోనే సంఘానికి వచ్చేవాడు. నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి. సాయంత్రాలు వేదికలెక్కి మూఢనమ్మకాల మీద నిప్పులు చెరిగేవాణ్ణి. అలాంటి మా ఇద్దరికీ పొసగడానికి కారణం ఒకటే. ఫలానా ఆస్పత్రిలో రక్తం కావాలని ఫోను వస్తే ఇద్దరం ఒకేసారి చెప్పుల్లో కాళ్ళు పెట్టేవాళ్ళం.

తొంభైల్లో ఆ సంఘం పుట్టింది కూడా ఒక వాదంలోనే. కులం రక్తంలోనే ఉందని ఒక పెద్దమనిషి సభలో నాతో వాదానికి దిగాడు. రక్తంలో ఉండేది గ్రూపే తప్ప కులం కాదని, నమ్మకపోతే రేపొచ్చి నాతోపాటు పరీక్ష చేయించుకోమని సవాలు విసిరాను. ఆయన రాలేదు. ఆ సభలో కూర్చున్న కుర్రాళ్ళు మాత్రం చాలామంది వచ్చారు. వాళ్ళ పేర్లతో మొదలైన జాబితా పెరిగి పెరిగి, బెంజ్ సర్కిల్ నుంచి కాస్త లోపలికి మందుల షాపు పైన ఒక గది, ఒక ఫోను, ఎవరో ఆఫీసు ఎత్తేస్తూ మాకు వదిలిపోయిన పాత కంప్యూటర్ దాకా వచ్చింది. కంప్యూటర్ వచ్చిన సంబరంలో దాతలు రాసిచ్చిన ఫారాలన్నీ పాత పేపర్లవాడికి వేసేశాం. ఇక కాగితాల కాలం చెల్లిపోయిందని ఆ రోజు నేను ఉపన్యాసం కూడా ఇచ్చాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో టెలిఫోను వాళ్ళు ఊళ్ళో నంబర్లన్నీ మార్చారు. అప్పటిదాకా ఆరంకెలుండేవి. ఇకమీదట ప్రతి నంబరుకూ ముందొక రెండు చేర్చి ఏడంకెలు నొక్కాలన్నారు. మా జాబితాలో ఉన్నవన్నీ ఆరంకెల నంబర్లే. ఒక్కొక్కటీ చేత్తో మార్చడం అయ్యే పని కాదు కనుక మా కంప్యూటర్ అమ్మాయికి అప్పజెప్పాం. ఆ అమ్మాయి ఎం.సి.ఏ. చదివి, దగ్గర్లోని కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేది. ఆదివారాలు వచ్చి మా జాబితా చూసిపెట్టేది. జీతం లేదు, టీ మాత్రం ఇచ్చేవాళ్ళం. మంచి నోరు గల పిల్ల.

"ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి మొదలుపెడదామమ్మా" అన్నాను.

"అది రాహుకాలం కదండీ."

"అందుకే."

"నేనైతే ఆ టైములో దువ్వెన కూడా కొననండి."

"దువ్వెన కొనమనటం లేదు. నంబర్లు మార్చమంటున్నాను."

"మీ సంఘం కోసం మారుస్తానండి. అందులో నా నంబరు కూడా ఉంది చూడండి, దాన్ని మాత్రం ఆరు దాటాక చేత్తో మార్చుకుంటా" అంది. కార్యదర్శి ఆ మాటకు బల్ల చరిచి మరీ నవ్వాడు.

మా కంప్యూటర్ ముసలిది. జాబితా మొత్తం ఒకేసారి మార్చమంటే బిగుసుకుపోయేది. అందుకని అమ్మాయి సభ్యత్వం నంబర్ల వరసలో రెండేసి వందల పేర్లను ఒక బ్యాచ్‌గా విడగొట్టింది. ఒక్కో బ్యాచ్‌కి 'ఈ నంబర్లన్నిటి ముందూ రెండు చేర్చు' అని ఒక్క ఆజ్ఞ ఇస్తే చాలు. మొదటి బ్యాచ్ అయింది. రెండోది నడుస్తుండగా కరెంటు పోయింది. ఎండాకాలం సాయంత్రాలు ఆ వేళకి పోవడం మా వీధిలో మామూలే. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి, ఉత్త పెట్టె మిగిలింది. కార్యదర్శి గోడకున్న క్యాలెండర్ వైపు చూశాడు, తరవాత నా వైపు చూశాడు. నేను విసనకర్ర అందుకున్నాను.

కరెంటు వచ్చాక అమ్మాయి రెండో బ్యాచ్‌లో చివరి పేరు తెరిచి చూసింది. నంబరు ఇంకా ఆరంకెలుగానే ఉంది. అయితే ఈ బ్యాచ్ జరగనే లేదనుకుని మళ్ళీ మొదటి నుంచి నడిపింది. తక్కిన బ్యాచ్‌లు కూడా పూర్తి చేసి, మొత్తం జాబితాని ఎప్పట్లాగే ఫ్లాపీలోకి, అందులో ఉన్న పాత జాబితా మీదికే ఎక్కించింది. టీలు వచ్చాయి. "ఏం చేసిందయ్యా మీ రాహువు?" అన్నాను గ్లాసు ఎత్తి.

ఏం చేసిందో కొన్ని వారాలకు బయటపడింది.

ఆ రోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి నాగాయలంక వైపు నుంచి వచ్చిన ఒకతను మా గది గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. సముద్రం మీద వేటకెళ్ళే మనిషి, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. చేతిలో డాక్టర్ రాసిచ్చిన చీటీ. భార్యకు తొలికాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది. రక్తం పోతోంది. పొద్దున్నే ఆపరేషన్ చెయ్యాలి. ఆమెది ఓ నెగటివ్. ఆ గ్రూపు వాళ్ళకు ఆ గ్రూపే ఎక్కించాలి, ఇంకేదీ పనికిరాదు. బ్లడ్ బ్యాంకులో ఒక్క బాటిలే ఉందిట. ఇంకొకటి చేతికొస్తే గానీ కత్తి పట్టనని డాక్టరమ్మ చెప్పింది.

మా జాబితాలో ఓ నెగటివ్ వాళ్ళు ముగ్గురే. ఒకాయన కిందటి నెలే ఇచ్చాడు, మళ్ళీ ఇవ్వకూడదు. ఒకాయన ఊళ్ళో లేడు. మిగిలింది ఒక పెయింటరు. పిలిచినప్పుడల్లా వచ్చిన మనిషే. ఫోను చేశాం. ఈ నంబరు వాడుకలో లేదని రికార్డు గొంతు చెప్పింది. మళ్ళీ చేశాం. అదే గొంతు. అడ్రసు గడిలో పేట పేరు తప్ప ఇంకేమీ లేదు. ఫోనుండగా ఇళ్ళు వెతుక్కుంటూ పోయేదెవరని ఫారాలు ఎక్కించేటప్పుడు మేమే అంతటితో సరిపెట్టాం. టెలిఫోను డైరెక్టరీ చూద్దామన్నా లాభం లేదు. నంబరు పక్కన పి.పి. అని ఉంది. అంటే ఫోను అతనిది కాదు, ఇంటి ఓనరుదో పక్కింటివాళ్ళదో. అప్పట్లో సగం బెజవాడకు పక్కింటి ఫోనే ఫోను.

కార్యదర్శి కుర్చీలో కూలబడ్డాడు. "రాహుకాలంతో ఆటలు ఎక్కడిదాకా తెచ్చాయో చూశారా మాస్టారూ? తాళం తియ్యడం, కంప్యూటర్ మొయ్యడం అయితే సరే. ఇది ప్రాణం కదా."

వేదికల మీద ఎంతమంది నోళ్ళు మూయించినవాణ్ణో, ఆ గదిలో, ఆ మనిషి ముందు, వాదం మాని రిసీవర్ అందుకున్నాను. అమ్మాయికి ఫోను చేశాను. పాఠం మధ్యలో వదిలేసి వచ్చింది.

కూర్చోగానే ఆ ఒక్క నంబరు పట్టుకుని వేలాడకుండా, దాని పక్కనున్న పేర్లకు వరసగా ఫోను చేయించింది. అన్నిటికీ అదే రికార్డు గొంతు. మొదటి బ్యాచ్‌లోంచి ఒక పేరుకి చేయించింది. మోగింది. మూడో బ్యాచ్‌లోంచి ఒకటి. అదీ మోగింది. రెండో బ్యాచ్‌లో కింది సగం కూడా మోగింది. మోగనివన్నీ రెండో బ్యాచ్ పై సగంలోనే ఉన్నాయి. తెర మీద ఆ నంబర్లను పైనుంచి కిందికి వేలితో చూపించుకుంటూ పోయి, ఒకచోట ఆపింది.

"ఇవన్నీ రెండు రెళ్ళతో మొదలయ్యాయి చూడండి. మన పాత నంబర్లలో రెండుతో మొదలయ్యేది ఒక్కటీ లేదు. అంటే వీటికి రెండుసార్లు చేరిందండీ. ఆ రోజు కరెంటు పోయేలోపు వీళ్ళది అయిపోయింది. నేను మళ్ళీ నడిపాను."

"ఒక రెండు తీసేస్తే సరిపోతుందిగా?" అన్నాడు కార్యదర్శి.

"తీస్తే ఆరే మిగులుతాయి. గడిని ఏడంకెలకే పెంచానండి. సిటీ బస్సులో ముందు తలుపు దగ్గర ఒకడు తోసుకుని ఎక్కితే వెనక ఫుట్‌బోర్డు మీద వాడు పడిపోతాడు చూడండి, అలా చివరి అంకె పడిపోయింది. ఫ్లాపీలో ఉన్నదీ ఇదే."

"చెప్పాను కదమ్మా, రాహుకాలమని..."

"కాదండీ." చటుక్కున తిరిగింది. "రాహుకాలం నేనూ నమ్ముతాను. మీకంటే ఎక్కువే నమ్ముతాను. కానీ ఇది దాని మీదికి తొయ్యకండి. చివరి పేరు చూసి బ్యాచ్ జరగలేదనుకున్నాను. మొదటి పేరు కూడా చూసుంటే తెలిసేది. చూడలేదు. రాహువు వచ్చి రెండోసారి నొక్కలేదండీ, నా వేలే నొక్కింది."

నేను ఆ మాట ఎన్నో సభల్లో ఎన్నో రకాలుగా చెప్పాను, కారణం కనిపిస్తున్నప్పుడు గ్రహాలను పిలవొద్దని. కానీ నమ్మకం లేనివాడు ఆ మాట అనడంలో కష్టమేముంది? నమ్మే మనిషి, తప్పించుకోడానికి దారి బార్లా తెరిచి ఉండగా, ఆ దారిన పోకుండా నిలబడి అనడం వేరు. ఆ అమ్మాయికి నేను జీవితాంతం ఋణపడింది అందుకే. కనిపించిన తప్పునే బాగుచెయ్యగలం. గ్రహాల మీదికి నెట్టిన తప్పును ఎవడు బాగుచేస్తాడు?

గుమ్మంలో కూర్చున్న మనిషి లేచి వచ్చాడు. "ఏ కాలమైతే ఏంటండీ? ఆయన దొరుకుతాడా, దొరకడా? అది చెప్పండి నాకు."

"పోయింది ఒక్క అంకేనండీ" అంది అమ్మాయి. "సున్నా నుంచి తొమ్మిదిలోపు ఏదో ఒకటి. పది నంబర్లకీ చేద్దాం. అందులో ఒకటి ఆయనదే."

సాయంత్రం దీపాలు పెట్టేవేళ అయింది. నేను ఫోను ముందు కూర్చున్నాను. సున్నాతో చేస్తే ఒక చిన్నపిల్ల ఎత్తి, అమ్మ స్నానం చేస్తోందని, తనకు రేపు లెక్కల పరీక్షని చెప్పింది. దాని తరవాతది ఎవరూ ఎత్తలేదు. ఇంకోచోట ఒక పెద్దాయన నా గొంతు వినగానే "లైన్‌మన్ గారేనా? ఇప్పటికి గుర్తొచ్చానా మీకు?" అని అందుకున్నాడు. ఆయన్ని ఒప్పించేసరికి నా వాదన పటిమంతా ఖర్చయింది. మరొకాయన నా మాట పూర్తి కానివ్వలేదు.

"పెయింటరూ లేడు, గియింటరూ లేడు. రాంగ్ నంబర్! మనిషిని ప్రశాంతంగా అన్నం తిననివ్వరా?" టక్కున పెట్టేశాడు.

తరవాత ఒక ముసలావిడ. పెయింటరెవరూ తెలీదంది. పెట్టెయ్యబోతుంటే ఆపింది. "రక్తం ఎవరికి నాయనా?" చెప్పాను. "తొలికాన్పా! అయ్యో తల్లీ. ఇదిగో, రేపు నాకొకసారి ఫోను చేసి చెప్పు ఎట్టా ఉందో. లేకపోతే నాకు నిద్రపట్టదు." చెప్తానన్నాను.

ఆ తరవాతి నంబరు ఎత్తగానే వెనక గంట మోగింది.

"వ్రతం చేసుకుంటున్నామండీ, కథ చదువుతున్నారు. తరవాత చెయ్యండి" అంది ఒకావిడ.

"ఒక్క మాటండీ. మీ దగ్గర్లో పెయింటరు ఎవరైనా..." అని అతని పేరు చెప్పాను.

"మా వెనక పోర్షన్‌లోనే ఉంటాడండీ. పొద్దున్నే ఆటోనగర్ పోయాడు, లారీలకి బొమ్మలు వేస్తాడు. ఎప్పుడొస్తాడో చెప్పలేం, పనుంటే అక్కడే పడుకుంటాడు."

"ఆటోనగర్‌లో ఎక్కడండీ?"

"అది నాకు తెలీదు. ఏమైందండీ, మంచివాడే పాపం."

విషయం చెప్పాను. "ఉండండి, పెట్టెయ్యకండి" అని రిసీవర్ బల్ల మీద పెట్టింది. అవతల కథ ఆగిపోయింది. ఆటోనగర్ వందల షెడ్ల ఊరు. ఆ చీకట్లో ఎక్కడని వెతుకుతాం? కాసేపటికి రిసీవర్లోంచి గంభీరమైన మగగొంతు వచ్చింది.

"నేను పురోహితుణ్ణండి. ఆ కుర్రాడు పనిచేసే షెడ్డు నాకు తెలుసు. అక్కడ కొత్త లారీ బయటికొస్తే పూజ నాచేతే చేయిస్తారు. మీరెవరు మాట్లాడేది?"

నా పేరు చెప్పాను.

"టైరు కింద నిమ్మకాయలు పెట్టేవాళ్ళకి బుద్ధి లేదని మొన్న మీటింగులో తిట్టింది మీరేనా?"

"నేనేనండి."

"సరే, ఆ లెక్క తరవాత చూసుకుందాం. రాసుకోండి" అని, ఏ రోడ్డు, ఏ మలుపు, ఏ టింబర్ డిపో పక్కన అన్నీ వరసగా చెప్పాడు. నేను గట్టిగా తిరిగి చెబుతుంటే కార్యదర్శి తల పట్టుకున్నాడు. "ఓరి దేవుడో, మా లేత్ షాపు వెనక సందే కదా అది!" అంటూనే స్కూటర్ తాళాలు అందుకుని మెట్లు దిగాడు.

టైరు కింద నిమ్మకాయల మీద నా అభిప్రాయం ఈ రోజుకీ మారలేదు. నిమ్మకాయ బ్రేకు కాదు. కానీ ఆ పురోహితుడు వ్రతం మధ్యలో కథ ఆపి, పీటల మీంచి లేచి వచ్చి, తనను తిట్టినవాడికి దారి చెప్పాడు. పీటల మీదున్నవాళ్ళలో ఒక్కరు కూడా వ్రతభంగమని అడ్డుపడలేదు. వాళ్ళ కథలో ఏముందో నాకనవసరం. వాళ్ళు కథ ఆపారు. నేను దండం పెట్టదలిస్తే దానికి పెడతాను.

మేం బ్లడ్ బ్యాంకుకు చేరిన కాసేపటికి స్కూటర్ మీద పెయింటరు దిగాడు. ముంజేతులకు నీలం, పచ్చ రంగులు, ఒంటి నిండా కిరసనాయిలు వాసన.

"సలాం సార్. నంబరు మార్చి నన్ను మర్చిపోయారనుకున్నా, చాన్నాళ్ళుగా పిలుపే లేదు" అన్నాడు. "ఏమీ అనుకోకండి, లారీ వెనక నెమలి సగంలో ఉంది. ఒక్క కన్నుతో చూస్తోంది పాపం. ఓనరు వస్తే మీ కార్యదర్శి గారే చెప్పుకోవాలి."

"ఆ ఓనరుకి మేం చెప్పుకుంటాంలే. అన్నం తిన్నావా?" అన్నాడు కార్యదర్శి.

"మీరు తిననిచ్చారా?"

ముందు ఇడ్లీలు తినిపించి, పరీక్షలు చేయించి, పడుకోబెట్టారు. రంగు లేనిచోటు చూసి సూది గుచ్చింది నర్సు. వేటకెళ్ళే మనిషి అతని కాళ్ళ దగ్గర నిలబడి, ఏం చెయ్యాలో తెలియక, అతని చెప్పులు తీసి మంచం కింద జతగా సర్దిపెట్టాడు.

మర్నాడు పొద్దెక్కాక మా గదికి ఫోను వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. తల్లి కళ్ళు తెరిచింది, మాట్లాడుతోంది. "మా గంగమ్మ తల్లే పంపిందండీ ఆయన్ని" అని అవతల బిడ్డ తండ్రి ఏడుస్తున్నాడు. నేను నోరు తెరిచాను. ఎదురుగా కూర్చున్న అమ్మాయి కళ్ళెర్రజేసింది. మూసుకున్నాను. "పాపకి నా ఆశీస్సులు చెప్పు నాయనా" అని మాత్రం అన్నాను. నాస్తికుడి ఆశీస్సులకు పవరు ఉంటుందా అని కార్యదర్శి తరవాత చాలా రోజులు ఏడిపించాడు.

అమ్మాయి అప్పటికే పని మొదలుపెట్టింది. జాబితాలో కొత్తగా ఒక గడి చేర్చింది. నంబరు మారగానే ఆ గడిలో గుర్తు పడుతుంది. గుర్తు ఉన్న పేరు జోలికి కంప్యూటర్ మళ్ళీ పోదు, ఎన్నిసార్లు కరెంటు పోయినా, ఎన్నిసార్లు నొక్కినా సరే. ఫ్లాపీలు రెండయ్యాయి. మార్చకముందు జాబితా ఒకదాంట్లో, మార్చాక జాబితా ఇంకోదాంట్లో. చెడిపోయిన తక్కిన నంబర్లకు సంఘంలో అందరం పంచుకుని ఆ ఎండాకాలమంతా పదేసి చొప్పున చేస్తూ పోయాం.

"దేవుడికి దండం పెట్టడం సులువమ్మా, ఫోను బిల్లు రాదు" అన్నాను ఆమెతో. "మనుషులకి చెప్పాలంటే నంబరు కావాలి. నిన్నటి నంబర్లు ఇటివ్వు."

ముందు ముసలావిడకు చేశాను. మొదటి మోతకే ఎత్తింది. "బతికిందా?" అనే అడిగింది. వ్రతం ఇంటికి చేశాను. ప్రసాదం దాచి ఉంచాం, వచ్చి తీసుకెళ్ళమన్నారు. వెళ్ళాను, తిన్నాను, జీడిపప్పు బాగా వేశారు. చిన్నపిల్లకు లెక్కల పరీక్ష పర్వాలేదుట. లైన్‌మన్ కోసం చూస్తున్న పెద్దాయన లైన్ గురించి మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు, విన్నాను. చివరికి అన్నం మధ్యలో లేపానని కసిరినాయన మిగిలాడు. చెయ్యనా వద్దా అని కాస్త తటపటాయించి, చేశాను.

"నిన్న రాంగ్ నంబర్ చేసినవాణ్ణండీ. తల్లీ బిడ్డా క్షేమం. చెప్దామని."

ఈసారి ఆయన టక్కున పెట్టెయ్యలేదు.

"నేను మీ మాట పూర్తిగా విననే లేదండీ నిన్న" అన్నాడు. "పెట్టేశాక, రక్తం అన్నట్టు వినిపించిందే అనుకున్నాను. మళ్ళీ చేద్దామంటే మీ నంబరు తెలీదు." గొంతు సవరించుకున్నాడు. "నాది బి పాజిటివ్. రాసుకోండి."

నేను నంబరు ఒక్కో అంకె పైకి చదువుతుంటే అమ్మాయి కొడుతోంది. అయ్యాక తెర మీద వేలు పెట్టి మొదటి అంకె చూసింది, చివరి అంకె చూసింది.

"ఒక్క రెండే ఉందండీ" అంది.